మచ్చల పిల్లకి ధర, తెల్ల పిల్ల ఉచితం

డల్లాస్‌లో ఉండే మా చిన్నాన్న కొడుకు మొన్న వాట్సాప్‌లో ఆరు కుక్కపిల్లల ఫొటో పెట్టాడు. ఆస్ట్రేలియన్ షెపర్డ్ పిల్లలు, ఐదు వారాలవి. మూడింటి ఒళ్ళు నీలం బూడిద కలిసిన రంగు, దాని మీద ఎవరో నల్ల సిరా చిమ్మినట్టు మచ్చలు. ఒకటి మామూలు నల్లది. మిగతా రెండూ దాదాపు తెల్లవి, గులాబీ రంగు ముక్కులు.

"మచ్చలవి ఒక్కోటి 2,500 డాలర్లట అన్నా. నల్లది అందులో సగం. తెల్లవి అమ్మట్లేదు, మంచి ఇల్లు దొరికితే ఊరికే ఇచ్చేస్తారట. తెల్లది తెచ్చుకుందామా? ముద్దుగా ఉంది."

ఊరికే ఎందుకిస్తారో అడిగావా అన్నాను. అడగలేదు. "పోనీ, తల్లీ తండ్రీ ఎలా ఉంటాయో ఫొటో పెట్టమను." ఐదు నిమిషాల్లో వచ్చింది. రెండూ నీలిమచ్చలవే. ఇంక నేను అడగాల్సింది లేదు గానీ, వాడికి చెప్పాల్సింది మాత్రం చాలా మిగిలింది. ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త తీరిగ్గా రాస్తున్నాను.

పేరులో ఆస్ట్రేలియా ఉన్నా ఈ జాతి తయారైంది అమెరికా పడమటి రాష్ట్రాల గొర్రెల మందల్లో. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో పుట్టిన బోర్డర్ కోలీకి చుట్టం. రెండూ మందను తోలే కుక్కలు. మన గొల్ల, కురుమల మందల దగ్గర కనిపించేవి ఎక్కువగా కాపలా కుక్కలు. తోడేలు వాసన తగిలితే లేచి మొరుగుతాయి, కానీ గొర్రెల్ని మళ్ళించేది మాత్రం కాపరి కేకా, ఈలా, చేతికర్రా. ఆ కర్ర చేసే పనిని అర కిలోమీటరు దూరాన చేసిపెట్టేది తోలే కుక్క. ఈ తేడా గుర్తుంటే రంగు గొడవ ఎందుకింత ముదిరిందో సులువుగా అర్థమవుతుంది.

రంగుల లెక్క పైకి కనిపించేంత చిక్కుముడి కాదు. కుక్క వెంట్రుకలో ఉండే రంగు పదార్థాలు రెండే రెండు. ఒకటి నలుపు. రెండోది ఎరుపు, అది లేత మీగడ రంగు నుంచి ముదురు ఇటుక రంగు దాకా ఎలాగైనా ఉండొచ్చు. తెలుపు అనేది రంగు కాదు, అక్కడ రంగు పడలేదని అర్థం. మిగతా జన్యువులన్నీ చేసేది ఈ రెండు రంగుల్ని ఎక్కడ వేయాలి, ఎంత పలచన చేయాలి, ఎక్కడ ఆపాలి అని చెప్పడమే. ప్రతి జన్యువుకీ రెండు కాపీలు, తల్లి ఇచ్చినదొకటి, తండ్రి ఇచ్చినదొకటి.

చిక్కంతా ఒకే పేరుతో రెండు వేరే రంగులు తిరగడం వల్ల వస్తుంది. బోర్డర్ కోలీల్లో "ఎర్ర కుక్క" అంటారు చూడండి, దాని ముక్కు చూడాలి. ముక్కు, కంటి రెప్పల అంచు కూడా చాక్లెట్ రంగులో ఉంటే అది టీవైఆర్‌పీ1 అనే జన్యువు పని. నలుపు తయారీ మధ్యలోనే ఆగి గోధుమ రంగు దగ్గర నిలబడిపోయింది. ఒళ్ళంతా ఎర్రగా, పసుపుగా ఉండి ముక్కు మాత్రం నల్లగా ఉంటే అది ఎంసీ1ఆర్ అనే వేరే జన్యువు పని. అక్కడ నలుపు తయారీకి ఏ లోటూ లేదు, వెంట్రుకలోకి వెళ్ళే తలుపుకే తాళం పడింది. ఈ రెండు రకాల ఎర్ర కుక్కల్ని జతకడితే కాన్పు కాన్పంతా నల్ల పిల్లలే పుట్టొచ్చు. ఒకదానిలో లేనిది ఇంకోదానిలో ఉంది కాబట్టి. ఈ సంగతి తెలియని రోజుల్లో పక్కింటి కుక్క ఎన్నిసార్లు గోడ దూకిందని నింద మోసిందో.

ఇక నీలిమచ్చలు. దీన్ని మెర్ల్ అంటారు. 2006లో టెక్సాస్‌లో కొందరు పరిశోధకులు దీని గుట్టు విప్పారు. పీఎంఈఎల్ అనే రంగు జన్యువు మధ్యలో ఎక్కడినుంచో వచ్చిన చిన్న డీఎన్ఏ ముక్క ఒకటి ఇరుక్కుపోయింది. ఆ ముక్కకి ఒక తోక ఉంటుంది, ఒకే అక్షరాన్ని వరసగా రాసుకుంటూ పోయినట్టు. తోక పొడుగ్గా ఉంటే కణం జన్యువును చదివేటప్పుడు ఈ పరాయి ముక్కని కూడా అసలు పాఠం అనుకుని చదివేస్తుంది. నలుపు చెడి నీలి బూడిద అవుతుంది. తోక పొట్టిదైతే కణం దాన్ని దాటేసి చదువుకుంటుంది, నలుపు నలుపుగానే వస్తుంది.

మరి ఒకే కుక్క మీద నీలమూ నలుపూ రెండూ ఎందుకు? ఈ తోక నిలకడ లేనిది. పిండం ఎదిగేటప్పుడు కణం రెండుగా చీలిన ప్రతిసారీ తోకను నకలు రాయాలి. ఒకే అక్షరం అన్నిసార్లు రాయాల్సి వస్తే మనకైనా లెక్క తప్పుతుంది కదా. ఎక్కడో ఒక కణంలో తోక కురచబడుతుంది. ఇక ఆ కణం పిల్లలు, మనవలు అందరూ పూర్తి నలుపు వేస్తారు. మచ్చల కుక్క వీపు మీద అరచేయంత నల్ల మచ్చ చూస్తే అది ఒక్క కణం వంశం అన్నమాట. అందుకే ఏ రెండు మెర్ల్ కుక్కల మచ్చలూ ఒకలా ఉండవు. అందానికి వంక పెట్టలేం. డబ్బిచ్చేవాళ్ళని నేనేమీ అనను.

ఒక్క కాపీ ఉంటే ఇంతే, మచ్చలు. రెండు కాపీలూ మెర్ల్ అయితే కథ మారుతుంది. అప్పుడు పాడయ్యేది రంగు ఒక్కటే కాదు, రంగు కణాలే తగ్గిపోతాయి. అవి పిండంలో వెన్ను దగ్గర పుట్టి ఒంటి నిండా వలస వెళ్ళే కణాలు. చర్మానికే కాదు, కంటికీ, లోపలి చెవికీ వెళతాయి. చెవి లోపల అవి వేసే రంగు ఎవరికీ కనిపించదు. అక్కడ వాటి పని వేరు. చెవిలోని ద్రవంలో పొటాషియం సరిగ్గా ఉండేట్టు చూడటం. శబ్దాన్ని పట్టే సున్నితమైన కణాలు ఆ ద్రవం మీదే బతుకుతాయి. రంగు కణాలు చేరని చెవిలో ద్రవం చెడుతుంది, పుట్టిన కొద్ది వారాల్లోనే ఆ వినికిడి కణాలు చచ్చిపోతాయి. మళ్ళీ మొలవవు. కన్ను సంగతీ ఇలాంటిదే. కనుగుడ్డు చిన్నదిగా మిగిలిపోవడం, కంటిపాప పక్కకి జరిగి ఉండటం, కంటిలో కొంత భాగం అసలు ఏర్పడకపోవడం ఇలాంటి కుక్కల్లో చూస్తారు.

2009లో వచ్చిన ఒక పరిశోధనలో 153 మెర్ల్ కుక్కల వినికిడి కొలిచారు. రెండు కాపీలున్న వాటిలో 15 శాతానికి రెండు చెవులూ వినపడలేదు, ఇంకో 10 శాతానికి ఒక చెవి వినపడలేదు. అంటే నాలుగింట ఒకటి. ఒక్క కాపీ ఉన్న వాటిలో రెండు చెవులూ పోయినవి 0.9 శాతం, ఒక చెవి పోయినవి 2.7 శాతం. కాబట్టి "తెల్ల మెర్ల్ అంటే చెవిటిదే" అనేదీ తప్పే, "ఏం కాదు, రంగే కదా" అనేదీ తప్పే. బోర్డర్ కోలీల మీద 2006లో ఇంకో పెద్ద లెక్క వచ్చింది, 2,597 కుక్కలు. వాటిలో 2.8 శాతానికి ఒక చెవో రెండో వినపడవు. మెర్ల్ ఒళ్ళు, నీలి కళ్ళు, తల మీద తెలుపు మరీ ఎక్కువ ఉండటం, ఈ మూడింటిలో ఏది ఉన్నా చెవుడు ఎక్కువ కనిపించింది. అంటే మెర్ల్ లేకపోయినా తల నిండా తెలుపు పరుచుకుంటే కొంత జాగ్రత్త పడాల్సిందే.

ఇది తేల్చే పరీక్ష ఉంది. ఐదారు వారాల పిల్లకి నెత్తి చర్మం కింద సన్నని సూదులు గుచ్చి, చెవిలో మెత్తటి బిరడా పెట్టి టిక్ టిక్ మని చప్పుడు పంపుతారు. వినే చెవికి కంప్యూటర్ తెర మీద వరసగా గీత అలల్లా లేస్తుంది. వినని చెవికి గీత బల్లపరుపుగా సాగిపోతుంది. ఒక్కో చెవికి విడిగా చేస్తారు, అదే దీని గొప్ప. ఇంట్లో చప్పట్లు కొట్టి చూసే పరీక్షలో ఒక చెవి పోయిన పిల్ల ఎప్పటికీ దొరకదు. రెండూ పోయినది కూడా తోటి పిల్లలు తల తిప్పితే తనూ తిప్పేస్తుంది.

పెంపుడు కుక్కకి ఒక చెవి లేకపోతే ఇంటివాళ్ళకి పదేళ్ళైనా తెలియకపోవచ్చు. పనికుక్కకి అలా కాదు. కొండ అవతలి వాలులో గొర్రెల వెనక ఉంటుంది. కాపరి ఈలలో ఒకటి మందను కుడిచేత్తో చుట్టినట్టు తిరగమని, ఇంకోటి ఎడమగా తిరగమని. ఈల ఏ వైపు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ కావాలి. రెండు చెవులకీ చప్పుడు చేరడంలో ఉండే చిన్న తేడాతోనే కదా మనమైనా దిక్కు పట్టేది.

ఇప్పుడు మా తమ్ముడి ఫొటో దగ్గరికి. మెర్ల్ తల్లి, మెర్ల్ తండ్రి. ఇద్దరిలో తలా ఒక కాపీ. నాలుగు పిల్లల్లో సగటున రెండు మచ్చలవి, ఒకటి మచ్చల్లేనిది, ఒకటి రెండు కాపీల తెల్లది. వాడి ఆరింటిలో మూడు, ఒకటి, రెండు. ఇంచుమించు లెక్క ప్రకారమే పుట్టాయి. మరి మెర్ల్‌ని నల్లదానితో జతకడితే? సగం మచ్చలవి, సగం నల్లవి. ఒక్క క్షణం ఆగి ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అమ్ముడుపోయే మచ్చల పిల్లలు రెండు పద్ధతుల్లోనూ సగమే. మెర్ల్‌కి మెర్ల్ కట్టినవాడికి ఒక్క మచ్చల పిల్ల కూడా అదనంగా రాలేదు. నల్లవాటిలో సగాన్ని తెల్లవాటిగా మార్చుకున్నాడు, అంతే. ఇది దురాశ కన్నా లెక్క రాకపోవడం అని నా అనుమానం.

లెక్క బాగా వచ్చినవాళ్ళు వేరే ఉన్నారు. రెండు కాపీల తెల్ల మగకుక్కని కావాలనే ఉంచుకుంటారు. దాన్ని ఏ నల్ల ఆడదానితో కట్టినా పిల్లలన్నిటికీ తప్పకుండా ఒక మెర్ల్ కాపీ వస్తుంది. కాన్పు మొత్తం మచ్చలవే. పొడవాటి బొచ్చు ప్రదర్శన కోలీల్లో ఇలా చేసినవాళ్ళున్నారు. ఆ పిల్లలకి జన్యుపరంగా ఇబ్బంది పెద్దగా లేదు. ఆ తండ్రి పుట్టిన కాన్పులో దాని తోబుట్టువుల సంగతే ఎవరూ మాట్లాడరు. బ్రిటన్‌లో కెన్నెల్ క్లబ్ 2013 నుంచి మెర్ల్‌కి మెర్ల్ కట్టిన పిల్లల్ని నమోదు చేసుకోవడం మానేసింది. ఆస్ట్రేలియన్ షెపర్డ్‌కి అమెరికాలో ఉన్న ప్రమాణాల్లో వీపు మీద, పక్కల మీద తెల్ల మచ్చలుంటే పోటీకి పనికిరాదు. చూసేవాళ్ళకి అది ఫ్యాషన్ నియమంలా ఉంటుంది గానీ, రెండు కాపీల కుక్కని దూరం పెట్టే మోటు జల్లెడ అది.

మోటు జల్లెడ అని ఎందుకన్నానంటే, మెర్ల్ కనపడకుండా దాక్కునే దారులు రెండున్నాయి. ఇరుక్కున్న ముక్క నలుపునే పాడు చేస్తుంది, ఎరుపుని ముట్టుకోదు. ఇందాక చెప్పిన నల్లముక్కు ఎర్ర కుక్క ఒంటి మీద నలుపే లేదు. దానికి మెర్ల్ ఉన్నా చిమ్మడానికి సిరా ఏది? బంగారు రంగులో అమాయకంగా కనిపిస్తుంది, దాన్ని మచ్చలదానితో కడితే తెల్ల పిల్లలు పుట్టి యజమాని తెల్లబోతాడు. రెండో దారి తోక పొట్టిగా ఉండటం. అలాంటి కుక్క చూడటానికి మామూలు నల్లదే. దాని సంతానంలో తోక పొడుగు మారే అవకాశమూ లేకపోలేదు. చెంప లోపల దూదిపుల్లతో రుద్ది పంపితే ల్యాబ్ వాళ్ళు తోక పొడుగుతో సహా అంకె చెబుతారు. "మెర్ల్ ఉంది, లేదు" అని మాత్రమే రాసే రిపోర్ట్ కన్నా అంకె ఉన్న రిపోర్ట్ అడగడం మేలు.

ఇంత గొడవ గొర్రెల కాపరులకు లేదు. 1893లో ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే రైతు దగ్గర ఒక కుక్క పుట్టింది. పేరు హెంప్. తండ్రి రాయ్ నెమ్మదైనది, పెద్ద పనిమంతుడేం కాదు. తల్లి మెగ్ బిడియం మనిషి, కానీ చూపుతోనే గొర్రెను నిలబెట్టేసేది. టెల్ఫర్ ఈ రెండు గుణాలూ ఒక పిల్లలో కలవాలని జతకట్టాడు. కలిశాయి. హెంప్ 1901లో చనిపోయేలోపు దాదాపు 200 పిల్లలకు తండ్రైంది. ఇవాళ్టి బోర్డర్ కోలీలన్నీ దాని వంశమే అనొచ్చు. టెల్ఫర్ ఎంచినవాటిలో రంగు లేదు. 1906లో మొదలైన అంతర్జాతీయ షీప్‌డాగ్ సొసైటీ కూడా రంగుని పట్టించుకోలేదు. ఈ జాతికి అలా ఉండాలి, ఇలా ఉండాలి అని రూప ప్రమాణం రాసింది తర్వాత ప్రదర్శనల క్లబ్బులు. బ్రిటన్‌లో 1976లో, అమెరికాలో 1995లో. అమెరికాలోనైతే పనికుక్కలవాళ్ళు ఆ గుర్తింపు మాకొద్దని గట్టిగా పోట్లాడారు.

అలాగని కాపరులకు రంగు పట్టింపులు లేవని కాదు. తెల్ల కుక్కని గొర్రెలు లెక్కచేయవని చాలామంది నమ్ముతారు, తమలో ఒకటనుకుంటాయట. మంచులో కనపడదనీ అంటారు, అందులో కొంత నిజముంది. మచ్చలదీ ఎర్రదీ అంటే ముఖం చిట్లించేవాళ్ళూ ఉన్నారు. కాపలా కుక్కల దగ్గరికొస్తే ఇదే తెలుపు తలకిందులవుతుంది. రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ వ్యవసాయ రచయిత కొలుమెల్లా, మంద దగ్గరి కుక్క తెల్లగా ఉండాలన్నాడు. మసక వెలుతురులో తోడేలు అనుకుని కాపరి దాన్నే కొట్టకుండా. ఇంటి కాపలాకి మాత్రం నల్లది కావాలట, దొంగ చూసి జడుసుకోవాలి కదా. మా నెల్లూరు గొర్రెల్లో కూడా రంగుని బట్టే పేర్లు. తెల్లది పల్ల, కళ్ళ చుట్టూ దవడ కిందా నల్ల గుర్తులున్నది జోడిపి, గోధుమ ఎరుపుది దొర. ఉదయగిరి వైపు మా తాత పల్ల పొట్టేలే కావాలని పట్టుబట్టేవాడు. ఎందుకంటే చెప్పేవాడు కాదు.

కాపరి పట్టింపు మూఢనమ్మకమే అనుకుందాం, అయినా నష్టం ఎక్కడొస్తుంది? ఎంపికలో వస్తుంది. కాన్పులో ఆరు పిల్లలుంటే పనికి బాగా పనికొచ్చేదాన్ని ఆరింటిలో నుంచి ఏరుకోవచ్చు. మచ్చలదే కావాలంటే మూడింటిలో నుంచి ఏరుకోవాలి. మచ్చలతో పాటు నీలి కన్ను కూడా కావాలంటే బహుశా ఒకటే మిగులుతుంది, ఏరుకోవడం అనే మాటే ఉండదు. మందను చుట్టే తెలివి, చూపు, మాట వినే గుణం ఇవన్నీ రంగులా ఒక్క జన్యువుతో తేలేవి కావు. ఎన్నో జన్యువులు తలా కాస్త చేయి వేస్తే వచ్చేవి. నాలుగైదు తరాలు వాటిని పట్టించుకోకుండా రంగు ఏరితే కోలీలా కనిపించే కుక్క మిగులుతుంది, కోలీ పని మిగలదు. నాకు రంగు మీద ఉన్న అసలు ఫిర్యాదు చెవుడు కూడా కాదు, ఇదే. చెవుడికి పరీక్ష ఉంది. గొర్రెను నిలబెట్టే ఆ చూపుకి లేదు.

పనిని బట్టి ఏరినవాళ్ళు తప్పు చేయలేదా అంటే, చేశారు. 1965లో అంతర్జాతీయ పోటీ గెలిచిన విస్టన్ క్యాప్ అనే కుక్క ఇప్పటికీ షీప్‌డాగ్ సొసైటీ బ్యాడ్జి మీద ఉంటుంది. దాని వంశవృక్షంలో ఏడు తరాల్లో ఒకే పూర్వీకుడు పదహారు సార్లు కనిపిస్తాడు. గెలిచిన కుక్కతోనే అందరూ జతకట్టిస్తే అందరి కుక్కలూ అన్నదమ్ముల పిల్లలే అవుతాయి, దాగున్న జబ్బుల కాపీలు రెండు వైపుల నుంచీ వచ్చి కలుస్తాయి. బోర్డర్ కోలీల్లో చిన్న వయసులోనే నరాలు దెబ్బతినే జబ్బు, తెల్ల రక్తకణాలు ఎముక మజ్జలోనే చిక్కుకుపోయే జబ్బు ఇలా వ్యాపించినవే. రంగుకీ వీటికీ ఏ సంబంధమూ లేదు.

రంగుకి సంబంధం లేకపోయినా రంగు మీద నెట్టేసిన విషయం ఇంకోటుంది, ఇది మన ఊళ్ళలో కోలీ పెంచేవాళ్ళకి కూడా పనికొస్తుంది. తెల్ల పాదాల కుక్కకి ఐవర్‌మెక్టిన్ ఇవ్వొద్దని పాతకాలపు పశువైద్యులు ఒక మాట చెప్పేవారు. మన దగ్గర గజ్జికీ గోమార్లకీ ఆ సూది వేయించడం మామూలే. అసలు కారణం పాదం కాదు. మెదడులోకి మందులు చొరబడకుండా బయటికి తోసేసే ఒక కాపలా ప్రోటీన్ ఉంటుంది, దాని జన్యువు ఎండీఆర్1లో నాలుగు అక్షరాలు ఊడిపోయాయి. కాపలా లేని మెదడులోకి మందు చేరితే కుక్క తూలుతుంది, వణుకుతుంది, కోమాలోకి కూడా పోతుంది. పొడవాటి బొచ్చు కోలీల్లో పదింట ఏడింటిలో, ఆస్ట్రేలియన్ షెపర్డుల్లో సుమారు సగంలో ఈ లోపం కాపీ ఒకటైనా ఉంటుంది. బోర్డర్ కోలీల్లో చాలా అరుదు. కోలీలకు పాదాలు తెల్లగా ఉండటం మామూలు కాబట్టి జనం పాదాన్ని గుర్తు పెట్టుకున్నారు. నల్ల పాదాల షెపర్డ్ ఉంటే భయం లేదనుకోకండి. సూది వేయించేముందు జాతి పేరు డాక్టర్‌కి చెప్పండి, వీలైతే జన్యు పరీక్ష చేయించండి.

ఇదంతా విన్నాక మా వాడికి టెన్షన్ పట్టుకుంది. శనివారం స్వయంగా వెళ్ళి చూశాడు. పిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయట. వీడి చేతిలో కారు తాళాల గుత్తి జారి నేల మీద పడింది. నాలుగు తలలు లేచాయి. తెల్లవాటిలో ఒకటి కాసేపటికి లేచింది, తోబుట్టువు తొక్కితే. రెండోది లేవలేదు.

"దాన్ని తెచ్చుకుంటే పెంచలేమా అన్నా?"

పెంచొచ్చు. చేతి సైగలతో బాగా నేర్చుకుంటాయి. వెనక నుంచి వెళ్ళి ముట్టుకోకూడదు, ఉలిక్కిపడి కరవొచ్చు. రోడ్డు మీద తాడు లేకుండా వదలకూడదు, పెరడుకి కంచె ఉండాలి. ముందు చెవి పరీక్ష, కంటి పరీక్ష చేయించి ఆ కాగితాలు చూసి నిర్ణయించుకో అన్నాను. సరేనని అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.

నల్లదాన్ని ఎవరైనా అడిగారా అంటే, ఇంకా ఎవరూ అడగలేదట.